తలుపు తీయని వేరు

"ఈసారి నీకు సుఖమైన పని. మీ వదినకి కాపలా," అన్నాడు గూఢచారి విభాగం అధిపతి. అందరూ ఆయన్ని పెద్దాయన అనే పిలుస్తారు.

ఏజెంట్ ముఖం వాడిపోయింది. వదిన సైంటిస్టు. ఆమె భర్త, అంటే ఇతని అన్నయ్య, ఈ కేసులో ఉండగానే కారు బ్రేకులు పనిచేయక చనిపోయాడు.

"టార్గెట్ ఆవిడేనా సార్?"

"ఆవిడ తయారుచేసిన విత్తనం. మట్టిలో ఒక ఫంగస్ ఉంటుంది. భాస్వరం తక్కువైతే వేరు దానికి కబురు పెడుతుంది. అదొచ్చి తలుపు తడుతుంది. తలుపు తీసేది వేరులోని ఒక జన్యువు. లోపలికొచ్చిన ఫంగస్ మట్టిలోంచి భాస్వరం తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర తింటుంది. ఎరువు దండిగా వేస్తే మామూలు మొక్క తలుపు మూసేస్తుంది. మీ వదిన విత్తనం కడుపు నిండినా మూయదు. రైతుకి సగం ఎరువు చాలు."

"ఎరువులమ్మే వాళ్ళకి కడుపుమంట."

"విదేశీ ముఠా. ఆ జన్యువు పీకేసిన విత్తనం వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే. మన పెట్టెల్లోకి అది చేరిందో, రైతులు వాళ్ళ ఎరువు మీదే బతకాలి. విత్తనం మంచిదైతే 'వేరు పలికింది' అను. కాకపోతే, 'వేరు పలకలేదు'." ఒక పెన్ను చేతికిచ్చాడు. "మొనలో తూటా, క్లిప్పులో మైక్. అవతల నేను వింటుంటాను."

"ఇంకేమీ లేవా సార్?"

"రాస్తుంది కూడా."

మర్నాటికల్లా ఏజెంట్ అతికించిన మీసంతో వదిన ల్యాబ్‌లో మొక్కలు పెంచే గాజుగదికి తోటమాలి అయ్యాడు. ఆ వేషం వెనుక ఎవరున్నారో అక్కడ వదినకి ఒక్కదానికే తెలుసు. ఆమెకి నల్లకళ్ళద్దాలు, ఎర్రటి గోళ్ళరంగు, ఖరీదైన సెంటు. ఆమె నడిచి వెళ్తే ల్యాబ్‌లో సగంమంది చూస్తున్న లెక్క మరిచిపోయేవారు.

"ఏం మరిదీ, ఆ మీసంతో అచ్చం మీ మేనమామలా ఉన్నావు. అప్పు అడగడానికొచ్చావేమో అనుకున్నా."

"మీరిలా నవ్విస్తే ఊడిపోతుంది వదినా."

అన్నయ్య పోయాక అతనికి అయినవాళ్ళంటూ మిగిలింది ఆమె ఒక్కతే. జ్వరమొస్తే జావ తెచ్చేది. తన ఇంటి రెండో తాళంచెవి ఆమెకే ఇచ్చాడు.

ఒకరోజు ప్యాకింగ్ గదిలో సీలు వేస్తున్న పెట్టెలోంచి నాలుగు గింజలు కింద పడ్డాయి. పారేయడానికి మనసొప్పక, ఫంగస్ ఉన్న, భాస్వరం తక్కువైన మట్టితో ఒక పాత కుండీ నింపి వాటిని నాటాడు. మొలకలు వచ్చాయి గానీ, ఆకులు ఊదారంగుకి తిరిగాయి. అది భాస్వరం అందని మొక్క రంగు. పక్కనే వదిన ప్రదర్శనకి పెట్టిన మొక్కలు అదే మట్టిలో కళకళలాడుతున్నాయి.

అడుగుదామనుకునే లోపే కుండీలో మొక్కలు పచ్చబడ్డాయి. మట్టి మీద తెల్లటి ఎరువు గుళికలు మిగిలి ఉన్నాయి. ఎరువుల గది తాళంచెవి ఎప్పుడూ వదిన మెడలోని గొలుసుకే వేలాడుతుంటుంది.



విత్తనాల పెట్టెలతో లారీ బయల్దేరే రోజు అతను ఒక మొక్క పీకాడు. వదిన నేర్పిన పద్ధతే: వేళ్ళను క్షారంలో ఉడికించి, సిరా కలిపిన వెనిగర్‌లో ముంచితే లోపలున్న ఫంగస్ నీలంగా కనబడుతుంది. వెనిగర్ క్యాంటీన్‌ది. సిరా పెన్నులోది. మైక్రోస్కోప్‌లో చూశాడు. వేరు గాజుపోగులా ఉంది. నీలం చుక్క కూడా లేదు.

"ఏం వెతుకుతున్నావు?" వెనకాలే సెంటు వాసన.

"ఈ కుండీలోవి మన పెట్టెలో గింజలే వదినా. ఫంగస్ లేదు."

ఆమె తడుముకోలేదు. "ఎవరో ఎరువు వేసుంటారు. ఎరువు వేస్తే ఏ మొక్కైనా తలుపు మూస్తుంది."

"మీ విత్తనం మూయదుగా. అదేగా మీ గొప్ప!"

ఆమె నవ్వు మాయమైంది. చేతిలో లిప్‌స్టిక్ ప్రత్యక్షమైంది. దాని కొన అతని ఛాతీకి గురిపెట్టి ఉంది.

"అన్నయ్యకి కూడా తెలిసిపోయిందా?" అడిగాడు అతను.

"ఆయనకీ నీలాగే ప్రతి కుండీ గెలికే అలవాటు." ఒక్క క్షణం కళ్ళు దించుకుంది. "వాళ్ళ దేశంలో ల్యాబ్ మొత్తం నా పేరు మీద పెడతామన్నారు. పెన్ను కింద పెట్టు. అందులో తూటా ఉంటుందని నాకు తెలుసు. ఆయనకీ ఇచ్చారు."

బయట లారీ ఇంజన్ మోగింది. అతను పెన్నును క్లిప్పు పైకి వచ్చేలా బల్ల మీద పెట్టాడు.

"వేరు పలకలేదు వదినా. ఎంత పిలిచినా పలకలేదు."

లారీ ముందు చక్రాలు గేటు గీత తాకుతుండగా ఇనుప గేటు ధడాలున మూసుకుంది. ఆ చప్పుడుకి ఆమె తల తిప్పింది. ఆ క్షణంలోనే అతను కుండీ విసిరాడు. లిప్‌స్టిక్‌లోని తూటా గాజుకప్పులోంచి దూసుకుపోయింది. లిప్‌స్టిక్ మట్టిలో పడింది.

బేడీలతో వెళ్తూ ఆమె ఆగింది. "మీసం ఊడుతోంది మరిదీ." అలవాటుగా చెయ్యెత్తబోయింది. బేడీలు అడ్డొచ్చాయి. అతను తల పక్కకి తిప్పుకున్నాడు.

పెద్దాయన పెన్ను తీసుకుని చూశాడు. "తూటా అలాగే ఉందే!"

"సిరా అయిపోయింది సార్."

"సరే, రేపే కొత్త కేసు. రెడీయేనా?"

"ముందు ఇంటి తాళం మార్చాలి సార్. ఇంకో చెవి వదిన దగ్గరుంది."