ఒకే రోలు, మూడు రోకళ్లు

తవిటమ్మ చేతిలో పడ్డాక బరువుపరీక్ష తప్పినవాడు చంద్రమండలం మీద ఇంతవరకు పుట్టలేదు. బండరాయిని అప్పగించినా సరే, నెల తిరక్కుండా దానికి మోకాళ్లు మొలిపించి గుంజీలు తీయిస్తుంది.

ఆ ఉదయం ఆమె, గదుల్ని గిరగిరా తిప్పి బరువు పుట్టించే రాట్నం ఎక్కి, మొదటి గదిలో పోలినాయుడి వీపు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. రాట్నం వేగం అందుకున్న కొద్దీ ఇద్దరి మీదికీ భూమ్మీదుండే నేలబరువు దిగుతోంది. పదకొండేళ్లుగా గనిలో దూదిపింజలా తిరిగిన పోలినాయుడికి తన చేతులే ఎవరో మొయ్యమని ఇచ్చిన సామానులా తోచాయి.

"నడుం నిలుపు, మావా. మోకాలు లోపలికి పోతంది."

"నడుం నా మాట ఇనదమ్మీ. ఇంటిదాని వాటమే దానిదీను."

గోడలోంచి తూనిక, అంటే పరీక్ష నడిపే యంత్రం, పలికింది. దానిది పెళ్లి విందులో కొసరి వడ్డించే మనిషి గొంతు. "చాలా నాయుడుగారూ? ఇంకాస్త ఉంచమంటారా?"

"సాలు తల్లీ" అన్నాడాయన, ఆ మర్యాదకి కరిగిపోయి.

బరువు తేలిపోయింది. నేలకి దిగదలచిన మనిషి "చాలు" అనకుండా గంటసేపు నేలబరువులో పనిచెయ్యాలి. అదే పరీక్ష. నోరు జారాడా, మళ్లీ మొదటికే.

తప్పినవాడు పుట్టలేదన్నామా? ముగ్గురు పుట్టారు. పోలినాయుడు ఒకడు, రెండో గదిలో వంటసాల ఎర్రమ్మ, మూడో గదిలో కరెంటుపని గవరయ్య. ముగ్గురూ తవిటమ్మ శిష్యులే, ముగ్గురూ వారంగా తప్పుతూనే ఉన్నారు. ఆ మాట మొదట్లోనే చెబితే కథ వినడానికి ఎవరు కూర్చుంటారు?

నేలకి దిగే ఈ పడవ తప్పితే ఎర్రమ్మకీ గవరయ్యకీ ఏడాది తరవాత వచ్చే పడవ ఉంది. పోలినాయుడికి లేదు. అరవై దాటినవాణ్ణి తూనిక పరీక్షకే రానివ్వదు, ఆయనకి ఇంకో నెలలో అరవై నిండుతుంది. దిగుడుపడవ సాయంత్రమే.

కింద ఆయన భార్య సన్నమ్మ ఉంది. ఇద్దరూ రోజూ మాట్లాడుకుంటారు, అంటే పోట్లాడుకుంటారు. అయితే ఇక్కడి మాట నేలకి చేరి జవాబు రావడానికి మూడు క్షణాలు పడుతుంది. ఆ మూడు క్షణాల్లో ఈయన కోపం చల్లారిపోతుంది. తీరా తిట్టు వచ్చేసరికి అది దేనికో గుర్తుండదు.

"మొకం మీద మొకం పెట్టి ఒక్క పోట్లాట ఆడితే సాలమ్మీ నాకు" అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

తవిటమ్మ ఆయన మోకాలు మరోసారి తడిమి చూసింది. ఒంటిపాఠంలో ఆమెకి కనపడని లోపం లేదు. ఎవరి మోకాలు ఎటు వంగుతుందో, ఎవరు ఊపిరి ఎక్కడ దాచుకుంటారో అరచేతికే తెలుస్తుంది. గుంపుపాఠంలో అలా చూడడం కుదరదు. కాని ఒంటిగదిలో మనిషికి తన అలసట తప్ప తోడెవరూ లేరు. తూనిక అడగ్గానే "చాలు" అనేస్తాడు.

నడవలో ఎర్రమ్మ చతికిలబడి ఉంది. ఆవిడా ఇప్పుడే తప్పింది. "నా ఊపిరి నాకే ఇనపడి బయమేస్తంది అప్పా, ఆ గదిలో. ఊర్లో అటుకులు దంపేటప్పుడు జాము గడిచినా తెలిసీది కాదు."

"ఎంతమంది దంపీవోరు?"

"ఒకే రోట్లో ముగ్గురం. ఒకల తరవాత ఒకలం. సెయ్యి ఆపితే పక్కదాని రోకలి మనదాన్ని కొడతాది. వడ్లు సల్లారితే అటుకులు పిండైపోతాయి. ఇక ఆపడం ఎక్కడిది?"

ఎర్రమ్మ ముచ్చటపడి చంద్రశిలలో తొలిపించుకున్న రోలు వంటసాలలో మూలపడి ఉంది. చంద్రబరువులో రోకలి దిగదు, నెమలీకలా తేలుతుంది. రాట్నంలో అయితే దిగుతుంది.

"ఆ రోలు ఇక్కడికి పట్టించు" అంది తవిటమ్మ. "మావా, రోకళ్లకి గనిలో పాత డ్రిల్లు కడ్డీలు మూడు పట్రా. గవరయ్యా, నువ్వూ రా."

వేయించిన వడ్లు వేడిడబ్బాలో వచ్చాయి. తవిటమ్మ వెంట ముగ్గురూ మొదటి గదిలో అడుగుపెట్టగానే తూనిక గొంతు తగ్గించింది. "మీరు కాక గదికి ఒక దేహమే. మీ శిక్షణ పట్టా రద్దవుతుంది, తవిటమ్మగారూ."

"రద్దు సేసుకో. ముందు ఈళ్లని తూసుకో" అని ఆమె రాట్నం చేతిపిడి లాగింది. బరువు దిగాక "చాలు" అన్న మాట వినకుండా రాట్నం ఆపే అధికారం తూనికకి లేదు.

పోలినాయుడి మొదటి పోటు రోలు అంచుకి తగిలింది. తిరిగే గదిలో రోకలి నిట్టనిలువుగా పడదు.

"తాతా, నా కాలు రోలనుకున్నావేటి?" గవరయ్య ఎగిరి గంతేశాడు.

"రాట్నం తిరిగే పక్కకి బెత్తెడు జరిపి వెయ్యండి" అంది తవిటమ్మ.

రెండు వాయిలయ్యేసరికి లయ కుదిరింది. ధన్, ధన్, ధన్. పోటుకొక "హుఁ". తూనిక "చాలా?" అంది. ఊపిరంతా హుంకారానికే ఖర్చవుతుంటే జవాబిచ్చే నోరెవరికుంది?

సగం దాటాక పోలినాయుడి మోకాలు లోపలికి ఒరిగింది. తవిటమ్మ అరచెయ్యి అప్పటికే అక్కడుంది.

"సన్నమ్మ దంపితే వీదంతా ఇనపడతాదంట" అంది ఎర్రమ్మ. "నీది దోమ పాటలా ఉంది మావా."

"హుఁ! ఆ మాట దాని కాడ అనకు. నిన్నొగ్గీసి నన్ను తిడతాది."

నవ్వితే పోటు తప్పుతుంది. ముగ్గురూ పళ్లు బిగించి నవ్వారు, పోటు తప్పలేదు.

"గంట నిండింది" అంది తూనిక. "ముగ్గురూ గెలిచారు. ఆపవచ్చు."

"ఆగమ్మా" అన్నాడు పోలినాయుడు, రోకలి ఎత్తి. "ఇంకో వాయి ఉంది."

తొలిసారి నేలబరువు మనిషి కోసం ఆగింది.

సాయంత్రం ఆయన అటుకుల మూట ఒళ్లో పెట్టుకుని, ఆడబోయే మొదటి పోట్లాటకి మాటలు కూర్చుకుంటూ పడవలో దిగిపోయాడు. పడవలో ఎర్రమ్మా గవరయ్యా చెరోపక్కన కూర్చుని మాటలు అందించారు. పైన తూనిక పట్టా ఊసెత్తలేదు. రాట్నంలో గదికీ గదికీ మధ్య గోడల్ని ఒక్కొక్కటే పక్కకి జరిపింది. జరిపి, ఆ వడ్డించే గొంతుతోనే అడిగింది: "తవిటమ్మగారూ, నాలుగో రోకలి ఉందా?"

ఈ అడగడం ఒక్కటీ నేను కల్పించింది. ఉత్తినే ఊరుకుంటే ఉప్పు తక్కువైందంటారని దానిచేత ఆ మాట అనిపించాను. గోడలు జరిపినమాట నిజం.