గళ్ల అక్షరాలు

1977 ఆగస్టు 8, సోమవారం. ఉదయం తొమ్మిదింటికి సొలొమోను సొరుగు లాగాడు. తాళం విరిగి ఉంది. గ్రాఫ్ పుస్తకం లేదు.

వన్ టౌన్‌లోని ఆ వర్క్‌షాపులో బల్బుల బోర్డులు చేస్తారు. అడ్డంగా పదహారు, నిలువుగా పదహారు. ఏ బల్బు వెలగాలో గ్రాఫ్ పేపరు మీద గడి నల్లగా నింపి చూపించాలి. గుండ్రటి తెలుగు అక్షరాలను ఆ గళ్లలో ఇమడ్చడానికి సొలొమోను రెండేళ్లు నానా తంటాలూ పడ్డాడు. సాయంత్రం నాలుగింటికి మద్రాసు కంపెనీవాళ్లు వస్తారు. ఎవరి అక్షరాలు నచ్చితే వాళ్లదే ఆర్టిస్టు ఉద్యోగం.

ఫిర్యాదు అందుకుని పదకొండింటికి ఎస్సై సంజీవరావు వచ్చాడు.

"ఇంకెవరు గీస్తారిక్కడ?"

"మా గురువుగారేనండి, ఆమోసుగారు. నాకు బ్రష్షు పట్టడం నేర్పింది ఆయనే."

ఆమోసు అరవయ్యేళ్ల సైన్‌బోర్డు పెయింటరు. ఏమీ ఎరగనట్టు, సాయంత్రం కంపెనీవాళ్లకు తానూ చూపించబోయే పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. యాభై ఆరు అక్షరాలు.

సొలొమోను తెల్లబోయాడు. "ఇవి నావేనండి."

"నా చేత్తో గీసుకున్నవి నీవెట్లా అయినయ్యిరా? మావాడికి మతి పోయిందండీ, ఎస్సైగారూ."

గీసిన చెయ్యి ఆమోసుదే. అనుమానం లేదు. కానీ ఆ గొంతులోని మంట సంజీవరావుకు కొత్త కాదు. తనతోపాటు చేరిన లాజరు ఇన్‌స్పెక్టరైన రోజు, అభినందనలు చెబుతున్న తన గొంతూ ఇట్లాగే ఉంది. అసూయ అసూయను ఇట్టే పసిగడుతుంది.

పేజీలు తిప్పాడు. చాలా అక్షరాల్లో గీత ఒకచోట తెగింది. ప్రతిసారీ అదే చోట. నాలుగో వరుస, తొమ్మిదో గడి. ఒక్క పేజీలోనూ ఆ గడి నల్లగా లేదు.

"సొలొమోనూ, నీ అక్షరాలు బోర్డు మీద వెలిగించి చూసుకునేవాడివా?"

"రోజూ మూడింటికండి. గురువుగారు ఆ పక్కనే కూర్చుని పని చేసుకునేవారు."

"బోర్డు మొత్తం వెలిగించు."

రెండువందల యాభై అయిదు బల్బులు వెలిగాయి. నాలుగో వరుసలో తొమ్మిదోది వెలగలేదు.

"ఆ హోల్డరు మొదట్నుంచీ చెడిందేనండి," అన్నాడు సొలొమోను. "నా పుస్తకంలో మాత్రం ఆ గడి నింపే ఉంటది."

సంజీవరావు ఆమోసు వైపు తిరిగాడు.

"బోర్డు చూసి ఎత్తి రాసుకున్నారు," అన్నాడు సంజీవరావు. "ఇన్నేళ్ల పెయింటరు కదా, గీత తెగితే అనుమానం రాలేదా?"

"వచ్చిందండి. నింపాను కూడా. కానీ వాడు వదిలేశాడంటే అందులో ఏదో కిటుకు ఉండే ఉంటదని మళ్లీ చెరిపేశాను."

"అతని పుస్తకం ఏది?"

"తెల్లారుజామున కాలవలో పడేశానండి."

"పడేసేముందు ఒక్కసారి తెరిచి చూసుకుంటే దొరికేవారు కాదుగా."

"తెరవలేకపోయానండి," అన్నాడు ఆమోసు. "బోర్డు మీదైతే ఉత్త బల్బులే. అందులో వాడి చెయ్యి కనపడతది. నేను నేర్పిన చెయ్యి నన్ను దాటిపోయిందని కళ్లారా చూడలేక."

సొలొమోను గురువు పుస్తకం ముందుకు లాక్కుని, పెన్సిలు తీసి, వదిలేసిన గళ్లు ఒక్కొక్కటే నింపుకుంటూ పోయాడు. నింపిన ప్రతి అక్షరమూ చక్కగా కుదురుకుంటోంది. ఈసారి ఆమోసుకు చూడక తప్పలేదు.