బయల్దేరినవాణ్ణి అడగకూడని మాట

2091 నాటికి పరాయి భాష నేర్చుకోవడమనే పనిని జనం తిరగలి తిప్పడం మరిచిపోయినట్టే మరిచిపోయారు. మెడకు పట్టీ ఒకటి ఉంటే చాలు. ఫిన్లాండు ఉత్తరపు కొసన ఇవాలో అనే ఊరి సంతలో మన పార్వతీపురం మనిషి ఒకడు ధర విని "ఇది చేపా, బంగారమా" అని మూతి తిప్పితే, పట్టీ ఆ మాటను ఫిన్నిష్‌లోకి దించేది, మూతి తిప్పడంతో సహా. చేపలవాడు అంతకు రెండింతలు వడ్డించేవాడు. అదీ తెలుగులో మనవాడి చెవిన పడేది. ఇద్దరూ తృప్తిగా తిట్టుకుని, బేరం ముగించుకుని, ఎవరిళ్ళకు వాళ్ళు పోయేవారు.

ఆ పట్టీ పేరు భావవాహిని. కనిపెట్టినవాడు నేమాని వరాహమూర్తి. అది మాటను మాటగా వినదు. గొంతు నరాల కదలిక, నాడి, ఊపిరి, ఈ మూడింటినీ ఆశయగ్రాహి అనే సెన్సర్ పట్టుకుని, మనిషి మనసులో ఉన్న అర్థాన్ని తేల్చి, అప్పుడు పలుకుతుంది. ఇరవయ్యేళ్ళుగా వరాహమూర్తి ప్రేమా, కోపమూ, క్షమాపణా ఆ పట్టీయే ఆయన భార్య హెల్మికి చేరవేస్తోంది. ఎంత చక్కగా చేరవేసిందంటే, ఆయనకు వాటితో పని లేకుండా పోయింది. పళ్ళ డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో, అరవై దాటిన ఆ మనిషి లోపలంతా అలా ఉండేది.

ఆ ఉదయం ఆయన యురోపాకు వెళ్ళిపోతున్నాడు. యురోపా అంటే గురుగ్రహం చుట్టూ తిరిగే మంచుముద్ద. అక్కడి స్థావరానికి వెళ్ళే ఓడ ఉందిగాని, తిరిగొచ్చే ఓడ ఇంకా ఎవరూ కట్టలేదు. ఎందుకు వెళ్తానంటున్నారని సంస్థవాళ్ళు అడిగితే "ఎందుకు ఉండాలో తోచక" అన్నాడు. వాళ్ళు నవ్వి సంతకం పెట్టించుకున్నారు. హెల్మికి మాత్రం ఆయన ఒక్క ముక్క చెప్పలేదు.

చెప్పడానికి ఒక మాట సిద్ధం చేసుకున్నాడు. మన తెలుగువాడు ఎంత పెద్ద సంగతినైనా ఇంగ్లీషులో పెట్టి చిన్నది చేస్తాడు కదా. "చిన్న ట్రిప్."

ఈ ట్రిప్ అనే మాట భావవాహినికి మొదటినుంచీ కొరకరాని కొయ్య. నీళ్ళ ట్యాంకరు కొట్టేదీ ట్రిప్పే, పిల్లల్ని జంతుప్రదర్శనశాలకు తోలుకెళ్ళేదీ ట్రిప్పే, కాశీకి పోయి అక్కడే ఉండిపోయేదీ ట్రిప్పే. ఫిన్నిష్‌వాళ్ళు అలా సర్దుకోరు. దూరం పోతే మత్కా అంటారు. మనవాళ్ళు రాత్రులు ఆడే జూదం కాదు, నిఖార్సయిన ప్రయాణం. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని అడవిలో కూర్చుని సాయంత్రానికి ఇల్లు చేరితే రెత్కి. సరదాగా తిరిగొస్తే రెయిస్సు. ఏ ట్రిప్పో తేలాలంటే పట్టీ మనిషిని అడగాలి. మొదట్లో అడిగేది కూడా.

ఆ అడగడమే కొంప ముంచింది. పార్వతీపురం బస్టాండులో తొలి పరీక్ష. హెల్మి అప్పటికి ఇంకా భార్య కాదు, హెల్సింకినుంచి వచ్చిన ఇంజినీరు. సంచి భుజానేసుకుని బస్సెక్కబోతున్న ఒక పెద్దాయన, ఆమెతో సరదాగా, "ట్రిప్‌కెల్తన్నానమ్మా" అన్నాడు. పట్టీ వినయంగా "ఎక్కడికండీ?" అంది.

పెద్దాయన ఎక్కబోయిన కాలు దించేశాడు. "ఏటిది? బయల్దేరినోణ్ణి పట్టుకుని ఎక్కడికని అడుగుతాదా యీ డబ్బా?" అని బల్ల మీద చతికిలబడి మంచినీళ్ళు తెప్పించుకున్నాడు. ఆ ప్రశ్న మిగతావాళ్ళ చెవినా పడింది. బస్సంతా దిగి కూర్చుంది. ఆఖరికి డ్రైవరు కూడా ఇంజను ఆపి, "నాకూ ఇనబడిపోనాది" అని మంచినీళ్ళ సీసా మూత తీశాడు. ఆ పూట పార్వతీపురంనుంచి ఒక్క బస్సు కదల్లేదని చెప్పుకుంటారు. హెల్మి నోరు తెరుచుకుని చూసింది.

మర్నాడే వరాహమూర్తి పట్టీ నోరు కట్టేశాడు. బయల్దేరే మనిషిని ఏమీ అడగకూడదు, నాడి చూసి నువ్వే ఊహించుకో అన్నాడు. దిగులుంటే దూరప్రయాణం, నిమ్మళంగా ఉంటే షికారు. ఆ లెక్క ఇన్నేళ్ళలో తప్పిందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ఇవాలోలో, తమ వంటింట్లో కాఫీ చల్లారబెట్టుకుంటూ ఆయన పట్టీని తట్టాడు. "ఏమ్మా, నేను ట్రిప్ అంటే ఆవిడకేం చెప్తావు?"

"నాడి ఎలా ఉంటే అలా చెప్తానండీ."

"నాడిలో ఏముంది?"

"ఏమీ లేదండీ. చెరువులాగా ఉంది. గాలి కూడా లేదు."

"మంచిదేగా."

"మంచో చెడో నాకెలా తెలుస్తుందండీ. మీరు చెప్పలేదు."

బయట మంచు మీద సంస్థవాళ్ళ బస్సు వచ్చి ఆగింది. వరాహమూర్తి కోటు తొడుక్కుని, ఇంటి తాళంచెవి కొక్కేనికి తగిలించి, గుమ్మం దగ్గర బూట్లు వేసుకున్నాడు. హెల్మి అలికిడికి లోపలినుంచి వచ్చింది.

"చిన్న ట్రిప్, హెల్మీ," అన్నాడు.

పట్టీ నాడి చూసింది. అల కూడా లేదు. ఇంత నిమ్మళంగా ఉన్న మనిషి ఎక్కడికి పోతాడు? రెత్కి అంది. కాస్త అడవిదాకా వెళ్ళి కాఫీ తాగి వస్తానని, ఆయన గొంతుతోనే, తియ్యగా చెప్పింది.

వరాహమూర్తికి ఫిన్నిష్‌లో వచ్చిన నాలుగు మాటల్లో అదొకటి. తాను కనిపెట్టిన యంత్రం మొదటిసారి తప్పు చెప్పిందని తెలిసింది. దిద్దాలని మాత్రం అనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

హెల్మి పొయ్యి పక్కనున్న ఫ్లాస్కు వంక చూసింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. కొక్కేనికి వేలాడుతున్న తాళంచెవినీ చూసింది. బయటి బస్సునూ చూసింది. తర్వాత తన మెడపట్టీ విప్పి బూట్ల అర మీద పెట్టింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆమెకు ఒంటబట్టిన తెలుగు మాట ఒక్కటే, అదీ ఒక బస్టాండులో విన్నది.

"ఎక్కదికి?" అంది, ట-వర్గం పలకని నోటితో.

వరాహమూర్తి చెయ్యి గడియ మీద ఉంది. సంస్థ, ఓడ, గురుగ్రహం అన్నీ బయట కాచుకుని ఉన్నాయి. అయినా గడియ వదిలేశాడు. ఆయన బల్ల మీద కూలబడ్డాడు.

హెల్మి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నీళ్ళు పళ్ళకు జివ్వున తగిలాయి. చాలాకాలానికి ఆయనకు ఏదో ఒకటి తగిలింది.

"అయ్యా," అని గొణిగింది పట్టీ. "నాడి మారిందండీ. ఇందాకటి మాట మార్చమంటారా?"

"నువ్వు ఊరుకో."

బస్సు హారన్ కొట్టింది. ఆయన గ్లాసు ఖాళీ చేసి, బల్ల పట్టుకుని లేచాడు.

"ఎక్కదికి?" అంది హెల్మి.

కూర్చున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి, ఈసారి కూజాయే తెచ్చి, పక్కన కూర్చుంది.