మచ్చు ఒకటి, సరుకొకటి

మే నెల ఎండకు గుంటూరు మిర్చి యార్డులో అందరూ చొక్కా చేతులు మోచేతి పైకి మడుచుకుని తిరుగుతున్నారు. మిరప వ్యాపారి నిశాంత్ ఒక్కడే మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు.

"ఏంది నిశాంతన్నా, పెళ్ళిచూపులకా?" కమీషను వ్యాపారి బాజీ తన ముంజేతి మీది నీలిచుక్క చూపించి నవ్వాడు. "ఈ కాలంలో కూడా దాచుకునేది నువ్వొక్కడివే!"

ఆ చుక్క కాపుగింజది. బియ్యపు గింజంత పరికరం. చర్మం కింద నాటితే, హెచ్‌ఐవిని పసిగట్టి అణిచిపెట్టే విద్యను ఒంట్లోని కాపలా కణాలకు నేర్పుతుంది. వైరస్ నిద్రపోతున్నంతకాలం నీలం, లేస్తే ఎరుపు. నీలమున్నవాడికి రోజూ మందుబిళ్ళ అక్కర్లేదు.

నిశాంత్ గింజ నీలంగానే ఉంది. అతని భార్య లాస్యది మాత్రం ఉగాది వెళ్ళగానే ఎర్రబడింది. ఏ కొందరికో అలా అవుతుందనీ, ఇక బిళ్ళలే దిక్కనీ డాక్టరు చెప్పింది.

జబ్బు తెచ్చిన తను బయటపడ్డాడు, తన వల్ల అంటిన మనిషి మళ్ళీ చిక్కుకుంది. ఏ బేరంలోనూ ఇంత దొంగ తూకం అతను చూడలేదు. ఆ సాయంత్రమే, "నాదీ ఎర్రబడింది" అనేశాడు. నష్టం చెరిసగం పంచుకుంటే ఆమెకు బరువు తగ్గుతుందని అతని లెక్క. అప్పటినుంచి భోజనాలయ్యాక ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని బిళ్ళలు మింగుతున్నారు.

బాజీ ఎగతాళి చేసిన రోజు రాత్రి లాస్య అతని అరచేతిలోని బిళ్ళ తీసుకుని వాసన చూసింది.

"ఇది బి విటమిన్."

ఆమె అతని చొక్కా గుండీ విప్పి చెయ్యి పైకి తోసింది. నీలికాంతి ఆమె వేళ్ళ మీద పడింది.

"పెళ్ళయిన కొత్తలో మందు మింగుతూ విటమినన్నారు. నా కంటబడుతుందని సగం రోజులు ఆ మందు మానేసి నాకంటించారు. ఇప్పుడు విటమిన్ మింగుతూ మందంటున్నారు. మిరపకాయలకైతే మచ్చు ఒకటి చూపించి, సరుకొకటి దించరు కదండీ! ఇంట్లోనేనా?"

"నీకు తోడుంటానని..."

"మీదీ పోయిందని ఎంతేడ్చాను! ఒక్కరన్నా గట్టెక్కారన్న సంతోషమైనా మిగిలేది నాకు. అదీ దక్కనివ్వలేదు మీరు."

లాస్య తన బిళ్ళ మింగి గ్లాసు కింద పెట్టింది. నిశాంత్ తలవంచుకుని చొక్కా చెయ్యి కిందికి లాక్కోబోయాడు.

"ఉండనివ్వండి," అందామె. "కాసేపు చూడనివ్వండి."