చిరగని బూటు, అరిగిన జాయింటు

ఒక మనిషిని చూడటం కోసం నిక్షేపంలాంటి బండిని చేజేతులా పాడుచేసుకోవడం ప్రేమా, బుద్ధిలేనితనమా?

మెకానిక్ షెడ్డులో ఓ మూల ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని పశువైద్యుడు తనను తాను ఇలా ప్రశ్నించుకున్నాడు. రెండూ కావచ్చునన్న జవాబు వెంటనే తోచింది గానీ, అంత సులువుగా దొరికిన జవాబును నమ్మడం అతనికి అలవాటు లేదు.

జరిగింది ఇదీ. తన జీపుకు, బురదలోనో ఇసుకలోనో తప్ప వాడకూడని ఫోర్-వీల్ గేరు వేసి, స్టీరింగును ఒక పక్కకు చివరంటా తిప్పి, పశువుల ఆసుపత్రి వెనక తారు పోసిన ఖాళీ స్థలంలో అతను సాయంత్రాలు గానుగెద్దులా తిరిగాడు. ఒకనాడు కుడికి, ఒకనాడు ఎడమకి. ముందు చక్రాలను తిప్పే యాక్సిళ్ల చివరి జాయింట్లు మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి? కొన్నాళ్లకు మలుపు తిరిగినప్పుడల్లా టకటకమని మొరపెట్టుకోసాగాయి. ఆ మొర విని అతనికి కడుపు నిండిపోయింది. షెడ్డుకు వెళ్లడానికి ఒక కారణం పుట్టింది.

షెడ్డు మేస్త్రిది. కార్ల పనంతా ఆయన కూతురిది. ఆమెను అందరూ చిన్నమేస్త్రి అంటారు. పోయిన వారం ఎడమ జాయింటు మార్చింది. ఇవాళ కుడిది. అదీ మారిపోతే బండికి రోగం ఉండదు; రోగం లేకపోతే అతనికి సాకు ఉండదు. మనసులో మాట ఇవాళ బయటపడాలి, లేదా మనసులోనే తుప్పు పట్టాలి.

రేకుల మీద వాన, వినేవాడు దొరికిన చుట్టంలా, ఆపకుండా వాగుతోంది. అవతల లారీ కింద వెల్లకిలా పడుకుని మేస్త్రి గేర్‌బాక్సు విప్పుతున్నాడు. ఆయన పాదాలు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి.

చిన్నమేస్త్రి యాక్సిల్‌ను బయటికి లాగి, బల్ల అంచునున్న వైస్‌లో బిగించింది. జాయింటుకు తొడిగిన రబ్బరు బూటు క్లిప్పు కత్తిరించి వెనక్కి తోసింది. లోపలి గ్రీజును వేలితో తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"డాక్టరుగారూ, ఇలా రండి. బూటు ఎక్కడైనా చిరిగిందా?"

"లేదండీ."

"గ్రీజులో మట్టి పడిందా?"

"లేదు."

"మరి జాయింటు ఎందుకు పోయినట్టు?"

"వయసైపోయి ఉంటుంది."

"దీనికా? మీ దగ్గరికొచ్చే దూడలకూ ఇలాగే చెబుతారా?"

ఇత్తడి కడ్డీ ఆనించి సుత్తితో ఒక్కటేసింది. లోపల పట్టుకుని ఉన్న ఉక్కు రింగు వదిలింది. జాయింటు ఆమె అరచేతిలోకి ఊడి వచ్చింది. ఉక్కు గోళీలను ఒక్కొక్కటే తీసి, అవి దొర్లే గాడులను వెలుతురు వైపు తిప్పింది.

"మధ్యంతా అద్దంలా ఉంది. చివర్లోనే గుంటలు. అంటే స్టీరింగు చివరంటా తిప్పి, అలాగే తోలారు. ఫోర్-వీల్ వేసి, గట్టి నేల మీద. కళ్లు తిరగలేదా?"

"తిరిగాయండీ," అన్నాడతను. అబద్ధం చెప్పే ఓపిక అయిపోయింది.

"ఎడమ దాంట్లోనూ ఇవే గుంటలు."

"అయితే పోయిన వారమే తెలుసా మీకు?"

ఆమె గోళీలు తుడవడంలో మునిగిపోయింది. జవాబు లారీ కిందనుంచి వచ్చింది.

"డాక్టరు బాబూ, ఒక పక్క విప్పినవాడు రెండో పక్క కూడా ఆ పూటే విప్పుతాడు. మా అమ్మాయి వారం ఆగింది. అరిగింది నీ జాయింట్లేనా అని నేనూ అప్పట్నుంచీ ఆలోచిస్తున్నా."

"నాన్నా, నీ గేర్‌బాక్సు చూసుకో."

"చూస్తూనే ఉన్నానమ్మా. చెవులు ఖాళీగా ఉన్నాయి."

పశువైద్యుడు ఆమె వైపు తిరిగాడు. "రెండోది షాపులో దొరకలేదన్నారు కదా?"

"అన్నాను. రెండూ కలిపే తెచ్చాను." ఆమె చెంప మీద గ్రీజు మరక ఉంది, దాని చుట్టూ ముఖం మెల్లగా ఎర్రబడింది. "ఏం, సాకులన్నీ మీకే రాసిచ్చారా?"

తిన్నగా పోయినంతసేపూ ఈ జాయింట్లు నోరు మెదపవని, మలుపులోనే లోగుట్టు బయటపడుతుందని అతనికి అప్పుడు స్ఫురించింది. చక్కటి ఆలోచనే, కానీ దాన్ని పొడిగిస్తూ కూర్చుంటే పొద్దుగూకుతుంది.

"ఇప్పుడు కొత్తది ఎక్కిస్తాను," అంది ఆమె. "ఈసారి ఏం విరగ్గొట్టుకొస్తారు?"

"క్లచ్ అనుకున్నాను."

"వద్దు బాబోయ్, నా నడుం పోతుంది. నోరు తెరిచి అడగండి. దానికి ఏదీ విప్పక్కర్లేదు."

"మిమ్మల్నేనా?"

"నా జవాబు తెలిసిపోయింది కదా. ఆయన్ని అడగండి." గడ్డంతో పాదాల వైపు చూపించింది.

"బయటికి వచ్చాక అడుగుతాను."

"సాయంత్రందాకా రాడు. మీరు ఈలోపు ధైర్యం మీద ఒక పుస్తకం చదివి రావచ్చు."

తగిన సమయం అనేది నిజంగా ఉంటుందా, లేక పిరికివాడు దాక్కునే గదికి పెట్టుకున్న పేరా? ఇక ఆలోచించదలచుకోలేదు. అతను ఇస్త్రీ చొక్కాతో సహా నేల మీద వెల్లకిలా పడుకుని, మడమలతో తన్నుకుంటూ లారీ కిందికి జరిగాడు. ముక్కు మీద నూనె చుక్క పడింది.

"అయ్యా," అన్నాడు, పక్కనే ఉన్న మసిబారిన ముఖంతో, "మీ అమ్మాయిని నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను."