యాభై దాటనివ్వని మేష్టారు

గంటర్స్‌విల్ చెరువులో ఏ చేప ఏ గడ్డి కింద దాక్కుంటుందో టాన్సీ మెక్‌ఎల్రాయ్‌కి కంఠతా వచ్చు. బోటు అడుగున ఒక బిరడా ఉంటుందనీ, నీళ్ళలోకి దింపేముందు దాన్ని బిగించాలనీ మాత్రం ఆ శనివారం పొద్దున గుర్తు రాలేదు.

రేవులో పాతికమంది చూస్తుండగా ఇరవై అడుగుల ఎర్ర బోటు వెనకనుంచి నింపాదిగా మునగడం మొదలుపెట్టింది.

"మేడమ్, మీరు చేపలు పట్టడానికి వచ్చారా, చేపలకి ఇల్లు కట్టించి ఇవ్వడానికి వచ్చారా?"

అడిగినవాడు గట్టుమీద కూర్చుని ఉడికించిన వేరుశనక్కాయలు తింటున్నాడు. పొడుగ్గా ఉన్నాడు, చొక్కానిండా గ్రీజు మరకలు.

"నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు. సాయం చేసేవాడెవడైనా ఉంటే చెప్పు," అంది టాన్సీ.

"బిరడా ఎక్కడుంది?"

"ట్రక్కులో. కాఫీ కప్పు పెట్టుకునేచోట."

అతను కాయలు పక్కన పెట్టి, బిరడా తెచ్చి, బూట్లతోనే నీళ్ళలోకి దిగి, బోటుకింద మునిగి బిగించి పైకి వచ్చాడు. ముఖం తుడుచుకుంటూ అన్నాడు: "బాయిడ్ గారు చెప్పిన శిష్యురాలు మీరే అయితే, నేనిప్పుడే ఇంటికి వెళ్ళిపోతాను."

"మా నాన్న చెప్పిన మెకానిక్‌వి నువ్వే అయితే, నీకంటే ముందు నేను వెళ్ళిపోతా."

ఇద్దరూ వెళ్ళలేదు. అతని పేరు హోల్ట్ క్రెన్‌షా. ఆ చెరువుమీద తిరిగే మోటార్లలో సగం అతని చేతి చలవే.

టాన్సీ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. వారమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించి పళ్ళు తోముతుంది. అందుకే ఎదుటివాడు తిరిగి మాట్లాడడం ఆమెకి అలవాటు లేదు. సెలవురోజుల్లో తండ్రి బోటు నడిపితే తను వెనక నిలబడి గాలం విసిరేది. ఈ చలికాలంలో బాయిడ్‌కి ఒక కన్ను మసకబారింది. బోటు నడపొద్దన్నాడు కళ్ళ డాక్టరు. దాంతో ముసలాయన ఒక తీర్పు చెప్పేశాడు.

"ఏప్రిల్లో ఇద్దరేసి జంటగా చేపలు పట్టే పోటీ ఉంది. ఆలోగా నువ్వు డెబ్బై మైళ్ళమీద నడపగలిగితే బోటు నీది. లేకపోతే అమ్మేస్తాను. గుడ్డ కప్పి దొడ్లో పెట్టుకుని కూర్చోడానికి అదేం శవం కాదు."

టాన్సీకి ఆ బోటంటే ప్రాణం. ఆరేళ్ళ వయసునుంచీ ఆమె ఆదివారాలన్నీ అందులోనే గడిచాయి.

మొదటి పాఠంలోనే ఆమె పెడల్‌ని బొద్దింకని తొక్కినట్టు తొక్కింది. రెండువందల యాభై గుర్రాల మోటారు గర్జించింది, బోటు ముక్కు పైకి లేచింది.

"ఆకాశం తప్ప ఏమీ కనబడట్లేదు," అని అరిచింది.

"ఆకాశంలో చేపలుండవు మేడమ్. ఆ మీట నొక్కి ముక్కు దించండి. మోటారు ఆపే తాడు మీ జాకెట్‌కి తగిలించారా?"

"తగిలించాను."

"మీరు నీళ్ళలో పడితే మోటారు దానంతటదే ఆగుతుంది. నేను పడితే మీరు ఆపాలి. గుర్తుపెట్టుకోండి, ఆ రెండోది నాకు చాలా ముఖ్యం."

ఆ బోట్ల తంతే అంత. వేగం పెరిగేకొద్దీ నీళ్ళలోంచి పైకి లేస్తూ, అరవై దాటేసరికి తోకదగ్గర రెండు అరచేతుల మేరే నీటికి ఆనుకుంటాయి. అక్కడినుంచి బోటు ఎడమకీ కుడికీ ఊగడం మొదలుపెడుతుంది. కొత్తవాళ్ళు హడలిపోయి పెడల్‌మీంచి కాలు తీసేస్తారు. చేయకూడని పని అదొక్కటే. ఆ ఊపుని ఎలా పట్టాలో హోల్ట్ నేర్పాలి.

అతనేమో యాభై దాటనిచ్చేవాడు కాదు. ముల్లు యాభైమీదికి రాగానే వేలెత్తేవాడు. "చాలు."

"ఇంకెప్పుడు?"

"రేపు. ఇవాళ గాలి ఉంది."

మర్నాడు గాలి ఉండేది కాదు. "మీ కుడికాలికి ఇంకా బుద్ధి రాలేదు," అనేవాడు. అలా మూడువారాలు గడిచాయి. ఈలోగా 'మేడమ్' పోయింది, 'మీరు' పోయింది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంటే వంతెనకింద బోటు ఆపుకున్నారు. టాన్సీ తెచ్చిన చీజ్ శాండ్‌విచ్ చెరిసగం తిన్నారు. వాన తెరలు తెరలుగా పడుతోంది, అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆమె చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

"నీకు వెనక పన్నొకటి పుచ్చింది," అంది.

"అందరి నోళ్ళూ ఇంత శ్రద్ధగా చూస్తావా?"

"మూయించడం కుదరని నోళ్ళు మాత్రమే."

వాన ఆగింది. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆ రాత్రి టాన్సీ అద్దంలో చూసుకుంటూ పళ్ళు మూడుసార్లు తోముకుంది.

పోటీకి అయిదురోజుల ముందు, ఎరల దుకాణం నడిపే అర్లెట్ పురుగుల డబ్బా అందిస్తూ అంది: "నీకు రాకపోతే మాత్రం ఏమైందమ్మా, బోటు హోల్ట్ దగ్గర పదిలంగానే ఉంటుంది. నువ్వు గట్టెక్కకపోతే అతనికే అమ్ముతానని మీ నాన్న మాటిచ్చాడుగా."

టాన్సీ డబ్బా అక్కడే వదిలేసి రేవుకి వెళ్ళింది.

"నేను నేర్చుకోలేకపోతే బోటు నీకా?"

హోల్ట్ చేతిలోని పానా కిందపెట్టాడు. "అవును. ఆ మాట నిజమే."

"అందుకేనా యాభై దాటనివ్వలేదు?"

అతను నోరు తెరిచాడు. మళ్ళీ మూసేశాడు.

"అమ్మయ్య, మూతపడింది," అంది టాన్సీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బోటు పోతుందన్న దుఃఖం కాదది. "ఇక నా బోటు దరిదాపులకి రాకు."

ఆ నాలుగురోజులూ ఒంటరిగానే నడిపింది. అరవైఎనిమిది దగ్గర బోటు ఊగింది. ఆమె భయపడి కాలు తీసేసింది. బోటు గింగిరాలు తిరిగి, గాలాల పెట్టె నీటిపాలైంది. ఆ పెట్టె లేకుండానే ఇంటికి వచ్చింది.

పోటీరోజు పొద్దున పాస్టర్ గ్రిగ్స్ మైకులో ప్రార్థన చేశారు. ఆయన కూడా పోటీలో ఉన్నారు, పైగా హోల్ట్‌కి జంట, కాబట్టి ఆ ప్రార్థనలో పక్షపాతం ఉందని టాన్సీకి జంటగా వచ్చిన బాయిడ్ గొణిగాడు. అయిదు చేపల బరువు ఎవరిది ఎక్కువైతే వాళ్ళదే గెలుపు. మూడుగంటలకల్లా రేవుకి చేరాలి. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ ఒక పౌను కోత.

టాన్సీ చేతివాటం ఆ రోజు అద్భుతంగా ఉంది. మధ్యాహ్నానికి అయిదు చేపలు బోటులోని నీళ్ళతొట్టెలో పడ్డాయి, ఒకదాన్ని మించింది ఒకటి. తిరుగుదారిలో మలుపు తిరిగేసరికి ఒక బోటు నీళ్ళమీద కొట్టుకుంటోంది. మోటారు మూత తెరిచి ఉంది. ఊరందరి మోటార్లూ బాగుచేసేవాడి మోటారు చచ్చిపడింది.

"ఆగకు," అన్నాడు బాయిడ్.

"చెడిపోయిన బోటువాణ్ణి చేపలతో సహా ఎక్కించుకోవచ్చని నిబంధన ఉంది నాన్నా."

"ఎక్కించుకోవచ్చు అని ఉంది. ఎక్కించుకోవాలి అని లేదు."

టాన్సీ ఆపింది. హోల్ట్ తన చేపల సంచితో ఇటు దూకాడు. పాస్టరుగారు బోటుతో ఉండిపోయారు. ఆయనకి ప్రార్థనకి కావలసినంత తీరిక దొరికింది.

ఇంకా పధ్నాలుగు మైళ్ళు. పన్నెండే నిమిషాలు. లెక్క ముగ్గురికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

అరవై. అరవైఅయిదు. అరవైఎనిమిది. బోటు ఊగింది, కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి, ఇంకొంచెం ఎక్కువగా.

"కాలు తియ్," అని అరిచాడు బాయిడ్.

హోల్ట్ సీటు అంచు పట్టుకుని ఆమె చేతులకేసే చూస్తున్నాడు.

"నువ్వేం చెప్పవేం?" అని అతనిమీద అరిచింది టాన్సీ.

"నా మాట నమ్ముతావా?"

"ముందు చెప్పి చావు."

అతను ఆమె చెవిలో అరిచాడు. "కాలు కదపకు. అది వాలాక దిద్దడం కాదు, వాలబోతోందనగా దిద్దు. చక్రం గోరంత తిప్పు, వెంటనే వెనక్కి తెచ్చెయ్. కళ్ళతో కాదు, కూర్చున్నచోటుతో కనిపెట్టు."

ఆ కాలు తీసేస్తే బోటు అతనిది. అతను తియ్యొద్దంటున్నాడు. టాన్సీకి అది తట్టింది, తట్టగానే చేతుల్లో బిగువు సడలింది. గోరంత. మళ్ళీ గోరంత. ఊపు తగ్గింది, సర్దుకుంది, ఆగిపోయింది. డెబ్బైరెండుమీద బోటు పాలమీగడమీద జారినట్టు జారింది. ఆమె పెద్దగా నవ్వింది.

నాలుగు సెకన్లుండగా రేవు చేరారు.

తూకంలో మెక్‌ఎల్రాయ్‌లకి ఇరవైఒక్క పౌన్ల మూడు ఔన్సులు. హోల్ట్‌కి ఇరవైఒక్క పౌన్ల ఆరు.

"మూడు ఔన్సులు," అన్నాడు బాయిడ్. "దార్లో వాణ్ణి నీళ్ళలోకి తోసేసి ఉంటే పోయేది." తర్వాత కూతురి భుజంమీద చెయ్యివేశాడు. "బోటు నీదేనమ్మా."

టాన్సీ హోల్ట్ వైపు తిరిగింది. "బోటు ఇక నీకు రాదు. ఇప్పుడైనా నిజం చెప్పు. ఎందుకు దాటనివ్వలేదు?"

"మొదటివారం బోటుమీద ఆశే. నువ్వు ఓడిపోవాలనే అనుకున్నాను."

"తర్వాత?"

"రెండోవారానికే నువ్వు డెబ్బై నడిపేసేదానివి. నడిపేస్తే నాతో నీకేం పని? యాభై దగ్గర ఆపితే మర్నాడు కూడా వస్తావు కదా అని ఆపాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మొన్న నేను చావు తప్పించుకున్నాను తెలుసా?"

"తెలుసు. తప్పంతా నాదే. ఆ నాలుగురోజులూ పక్క మడుగులోనే ఉన్నాను, నువ్వు పడితే తీద్దామని." తల దించుకున్నాడు. "అందుకే నా మోటారు చూసుకోలేదు."

టాన్సీకి తిట్టాలని నోటిదాకా వచ్చింది, ముద్దు పెట్టుకోవాలనీ వచ్చింది. ఏది ముందో తేలక నిలబడిపోయింది.

బాయిడ్ దగ్గాడు. "మీ తీరిక చూసుకుని చెప్పండి. పాస్టరుగారు ఇంకా చెరువులోనే ఉన్నారు."

ఇద్దరూ ఆయన్ని శుభ్రంగా మర్చిపోయారు.

"ఆ బోటుని తాడుకట్టి లాక్కురావాలి. గంటకి అయిదు మైళ్ళు మించి పోకూడదు. పధ్నాలుగు మైళ్ళంటే మూడుగంటలు పడుతుంది," అన్నాడు హోల్ట్.

టాన్సీ బోటెక్కి జాకెట్‌కి తాడు తగిలించుకుంది. పక్కసీటు తట్టి చూపించింది.

"యాభై నీకు ఎక్కువైంది కదా. అయిదు సరిపోతుందేమో చూద్దాం, ఎక్కు."

"ఆ మూడుగంటల్లో ఏదో ఒకటి తేల్చుకుని రండి," అన్నాడు బాయిడ్ ఒడ్డునుంచి. "పాస్టరుగారు ఎలాగూ వెనకే ఉంటారు."