సంతకం కింద రాసిన పేరు

నాకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, పేరున్న ఆర్కిటెక్టులు సంతకం పెట్టిన పుస్తకాలు. చదును కప్పులతో, అద్దాల గోడలతో కొత్త రకం ఇళ్లు కట్టే విదేశీయులు వాళ్లు. నేను ఇంజనీరింగ్ ఆఫీసులో నక్షాలు గీసేవాణ్ణి. వాళ్ల పనితనం నా చేతికి ఎలాగూ రాదు, కనీసం చేతిరాతైనా ఇంట్లో ఉండాలని ఆశ. "పిచ్చి ముదిరింది, ఇగ రోకలి తలకు సుట్టాల్నా?" అని నా భార్య ఎస్తేరు ఎగతాళి చేసేది.

1946 వానాకాలంలో శామీర్‌పేటలో ఒక ఇంజనీరు దొర పోతే, ఆయన సామాను వేలం వేశారు. ఒక నల్ల అట్ట పుస్తకం అక్కడే దొరికింది. మొదటి పేజీలో ఒక ఆర్కిటెక్టు సంతకం. పెట్టినాయన యుద్ధంలో చనిపోయాడని పేపర్లో చదివాను. ఇక ఆ చేయి ఇంకో సంతకం పెట్టదు గదా అని సంబరపడ్డాను, సిగ్గులేకుండా.

నెల తిరక్కుండా మచ్చ బొల్లారంలో మా ఇంట ఆడపిల్ల పుట్టింది. మా ఇళ్లల్లో బిడ్డ పేరు బైబిలు ముందు పేజీలో రాస్తారు. మా బైబిల్లో ఆ పేజీ నిండిపోయింది. ఒక ఆదివారం చీకటి పడే వేళ నల్ల పుస్తకం తెరిస్తే, సంతకం కింద మా అమ్మ మరియమ్మ రాత. 'ఏసమ్మ' అని బిడ్డ పేరు.

"ఏం జేసినవమ్మా!"

"మంచి కాగితం గదా బిడ్డా. పైన ఎవలో పెద్దమనిషి పేరుండె. దీవెన అనుకున్న."

నాకు ఒళ్లు మండింది. బ్లేడు తీశాను. నక్షాలో తప్పు గీత పడితే సిరాను బ్లేడుతో గీకి తీసేస్తాం. చేయి తిరిగిన పని.

బయట వాన. మొదటి అక్షరం గీకాను. గీర్... గీర్... ఉయ్యాలలో పిల్ల ఏడుపు అందుకుంది. రెండో అక్షరం సగం పోయింది. ఏడుపు సన్నబడింది... ఎక్కడినుంచో తడి సిమెంటు వాసన. మాది మట్టి ఇల్లు.

"ఏమయ్యా..." ఉయ్యాల దగ్గర్నుంచి ఎస్తేరు పిలిచింది. "బిడ్డ సల్లబడ్తాంది. జల్ది రా."

బ్లేడు పారేసి కలం తీశాను. గీకిన చోట మళ్లీ 'ఏసమ్మ' అని రాశాను. గీకిన కాగితం మీద సిరా నిలవదు. పాకింది... మళ్లీ రాశాను. పాకింది.

కలం కింద పెట్టాను. గీర్‌మనే చప్పుడు ఆగలేదు.

సంతకం కింద ఒక గీత సాగుతోంది... సన్నగా, తిన్నగా... ఈ జన్మలో నేను గీయలేని గీత. తర్వాత ఇంకొకటి. నాలుగు గోడలు. చిన్న గది. తలుపు లేదు... కిటికీ లేదు... పొడవు అడుగు ఎనిమిది అంగుళాలని పక్కనే కొలత.

స్కేలు తీసుకెళ్లి బిడ్డ పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో దేవుడికే తెలియాలి. అంతే ఉంది. అప్పటికే బిడ్డ ఏడవడం మానేసింది.

మర్నాడు సమాధుల తోటలో పూడ్చి వచ్చాం. నా బిడ్డను నేనే చంపుకున్నానని గుండెలు బాదుకుని ఏడ్చాను. కాల్చేద్దామని పుస్తకం తీశాను. పేజీ ఇంకా తడిగా ఉంది. చిన్న గదిని ఆనుకుని ఇంకో గది. మూడు గోడలు అయిపోయాయి. నాలుగోది సాగుతోంది... పొడవు ఐదడుగులు.

ఎస్తేరు ఎత్తు అంతే. ఆమె పేరు ఆ పుస్తకంలో ఎవరమూ రాయలేదు.